తీగల్లేని డబ్బాలు

తలుపు మూసుకున్నాక వీరలక్ష్మి చెవిన పడిన మొదటి చప్పుడు కంప్రెసర్‌ది. బేరింగు అరిగింది, ఇంకో నెలకు మించి లాగదు, బయటికి వెళ్ళాక తిమ్మప్ప గారికి చెప్పాలి అనుకుంది. తను ఇక్కడికి రిపేరుకు రాలేదన్న సంగతి ఆ తరవాత గుర్తొచ్చింది. గోడ మీద ఎర్ర అంకెలు మైనస్ ఇరవై చూపిస్తున్నాయి. అదే గోడకు అవతల మూసాపేటలో మే నెల మధ్యాహ్నం, నలభై మూడు. మధ్యలో ఉన్నది జానెడు మందం పలకలు. అరవై మూడు డిగ్రీల తేడాను జానెడులో ఇరికించినవాడికి దండం పెట్టాలి. గంటసేపు ఈ ఐస్‌క్రీం గదిలో ఉండాలి, గంట నిండాక ఇక్కడే నిలబడి రెండు నిమిషాల వీడియో తియ్యాలి, సాయంత్రం ఆరులోపు పంపాలి. అన్నీ సవ్యంగా జరిగితే డిసెంబరులో అంటార్కిటికా వెళ్ళే ఓడలో ఆవిడకో చోటు. దేశం మొత్తం మీద పద్నాలుగు మందినే తీసుకుంటారట, కరిగిపోతున్న మంచును కళ్ళారా చూసి వచ్చి, ఊరూరా తిరిగి చెప్పడం వాళ్ళ పని. గంటసేపు చలికి తట్టుకోవడం గురించి ఆవిడకు దిగుల్లేదు. యాభై ఒకటో ఏడు నడుస్తున్నా మోకాళ్ళు తప్ప మిగతావన్నీ చెప్పిన మాట వింటున్నాయి. దిగులంతా ఆ రెండు నిమిషాల గురించే. మీరు మీ చోట ఏం మార్చారు, ఎలా మార్చారు అన్నది ప్రశ్న. ఏం మార్చిందో హాయిగా చెప్పగలదు. ఎలా మార్చిందో నిజం చెబితే మాత్రం ఓడలో చోటు పోతుంది. దాచేస్తే చోటు దక్కుతుంది, అబద్ధాన్ని వెంటబెట్టుకుని మంచుగడ్డల దాకా వెళ్ళాలి. తేల్చుకోవడానికి ఒక గంట ఉంది, అందులో రెండు నిమిషాలు అప్పుడే కంప్రెసర్‌కు ఖర్చయిపోయాయి.

చుట్టూ పైకప్పు దాకా అట్టపెట్టెలు, బటర్‌స్కాచ్, సీతాఫలం, పెళ్ళిళ్ళ వంటవాళ్ళు ముందుగా చెప్పి దాచుకున్న పచ్చి బఠాణీలు. యాత్ర వాళ్ళు పంపిన నారింజరంగు సూటు ఆరడుగుల మగవాడికి కుట్టినట్టుంది, చేతులు వేళ్ళు దాటి వేలాడుతున్నాయి, నడుం దగ్గర ఇంకో వీరలక్ష్మి పడుతుంది. ఉదయం నల్లగండ్లలో ఇంట్లో అద్దం ముందు తొడుక్కుని చూసుకుంటే వెనకనుంచి రామ్మోహనరావు, "గ్యాస్ సిలిండరుకి కాళ్ళొచ్చినట్టున్నావు" అన్నాడు. కట్టుకున్న మొగుడు అనవలసిన మాటేనా అది? అయితే ఆ మనిషే నెలరోజులుగా వేకువనే లేచి ఆవిడతోపాటు తొమ్మిదంతస్తుల మెట్లూ ఎక్కి దిగుతున్నాడు, దారిలో ఆగి ఆగి, ఆగిన ప్రతిచోటా ఒక ప్రశ్న వేస్తూ. విమానంలోనూ ఓడలోనూ అంత దూరం పొగ వదులుకుంటూ పోయి, పొగ తగ్గించండని చెప్పడమేమిటి? ఆ ప్రశ్నకు నాలుగో అంతస్తులో జవాబు దొరకలేదు, ఏడో అంతస్తులోనూ దొరకలేదు. తిరిగొచ్చాక తను ఎంతమంది చేత ఎంత పొగ తగ్గించగలిగితే ఈ పొగకు చెల్లు అవుతుందో లెక్క కట్టి చూపిస్తానంది. "మరి నీ మాట వినాలిగా జనం" అన్నాడాయన. అక్కడే ఆవిడ మెట్టు తప్పింది. జనం మాట వినడం గురించి ఎవరేమన్నా ఈమధ్య ఆవిడకు కాళ్ళు తడబడుతున్నాయి.

ముక్కులో వెంట్రుకలు పుల్లల్లా బిగుసుకున్నాయి. ఊపిరి వదిలితే ముఖం ముందు తెల్లటి పొగ. ఈ పొగను ఆవిడ ఆరేళ్ళప్పుడే చూసింది, నరసాపురంలో చేపల రేవు పక్కన ఐస్ ఫ్యాక్టరీలో, నాన్న అమ్మోనియా కంప్రెసర్ దగ్గర డ్యూటీలో ఉండగా క్యారేజీ పట్టుకెళ్ళినప్పుడు. మనిషంత ఐసు దిమ్మలు చెక్క జారుడుబల్ల మీద సర్రున జారి వస్తుంటే, ఒక్కో దిమ్మ లోపల తెల్లటి గీతలు, ఒకదానిలో ఎలా పడిందో ఒక బంతిపువ్వు. నాన్న కొక్కెంతో పెచ్చు ఊడగొట్టి తువ్వాలులో చుట్టి ఇచ్చేవాడు, ఇంటికి చేరేసరికి తువ్వాలే మిగిలేది. ఎందుకు కరిగిపోయిందని ఏడిస్తే ఆయన ఓదార్చలేదు, పాఠం చెప్పాడు. "చల్లదనాన్ని మనం తయారు చెయ్యలేమే అమ్మా. ఇక్కడున్న వేడిని అవతలికి నెడతాం, అంతే. ఎవరి మీదకి నెడుతున్నామో చూసుకోవాలి." కాకినాడ పాలిటెక్నిక్‌లో మూడేళ్ళు చదివినదంతా ఆ రెండు మాటలే, కాకపోతే ఇంగ్లీషులో. చెల్లెళ్ళిద్దరూ బ్యాంకు పరీక్షలు రాస్తుంటే తను రిఫ్రిజిరేషన్ డిప్లొమా పట్టుకుని హైదరాబాదు వచ్చింది. ఇరవై రెండేళ్ళుగా హైటెక్ సిటీలో పన్నెండంతస్తుల అద్దాల భవనాన్ని చల్లగా ఉంచడమే ఆవిడ ఉద్యోగం. నేలమాళిగలో రెండు చిల్లర్లు, అంటే ఏనుగంత యంత్రాలు, నీళ్ళను చల్లబరిచి పైకి పంపుతాయి. పైన రెండు వేల ఆరువందల మంది కంప్యూటర్ల ముందు కూర్చుని చలిగా ఉందనీ ఉక్కగా ఉందనీ ఫిర్యాదులు రాస్తుంటారు.

తలుపు జానెడు తెరుచుకుంది. మంకీ టోపీలోంచి తిమ్మప్ప కళ్ళూ మీసాలూ కనిపించాయి. అరవై దాటిన మనిషి, అనంతపురం నుంచి వచ్చి స్థలాల వ్యాపారంలో సంపాదించింది ఈ కోల్డ్ స్టోరేజీలో పెట్టాడు. ఒక ఆదివారం కంప్రెసర్ ఆగిపోయి గది మొత్తం పాయసమైపోయే వేళకు వీరలక్ష్మి వచ్చి నిలబెట్టింది. ఆ కృతజ్ఞతతోనే ఈ గంట.

"ఏమ్మా, బాగుండావా? కాళ్ళూ చేతులూ ఆడ్తాండాయా?"

"బాగానే ఉన్నానండీ. పది నిమిషాలేగా అయింది."

"నీకు పది. బయట నాకు ఒక ఏడాది అయినట్టుంది తల్లీ. నాలుగింటికి బండి లోడు ఉండాది, ఆ లోపల నీకేమన్నా అయితే మీ ఆయనకు నేనేం చెప్పల్ల?"

నవ్వి పంపేసింది. తిమ్మప్ప తలుపు మూశాడు. నవ్వుకు పెదవి మీద సన్నగా చిట్లింది, వాజలీను రాసుకోవాలి, చేతి తొడుగు తియ్యాలంటే భయం, ఉండనీ. ఇంతకీ ఆలోచన ఎక్కడ ఆగింది? ఫిర్యాదులు. ఆ రోజుల్లో భవనమంతా ఇరవై డిగ్రీలు, బయట జనం గొడుగులు వేసుకుంటుంటే లోపల ఆడపిల్లలు శాలువాలు కప్పుకునేవాళ్ళు. ఒకే బల్లకు అటువాడు చలి అంటాడు, ఇటువాడు ఉడికిపోతున్నానంటాడు, ఇద్దరి మధ్యా గోడ మీద చలి పెంచి తగ్గించే ఒక డబ్బా, దాని బొత్తాల కోసం యుద్ధం. ఆరో అంతస్తులో టెస్టింగు చేసే భరత్ అయితే స్కేలుతో దూరంనుంచే నొక్కడం నేర్చుకున్నాడు. ఎవరేం చెప్పినా పదహారు దాటితే ఒప్పుకునేవాడు కాదు. ఇదంతా ఉద్యోగంలో మామూలే అని ఆవిడా సరిపెట్టుకునేది, భవనం వెనక గేటు దగ్గర జొన్నరొట్టెలు చేసే నర్సమ్మ ఆ మాట అనకపోయి ఉంటే. సర్వర్ గదుల ఏసీల వేడి గాలి మొత్తం వెనక గోడలోంచి నర్సమ్మ పొయ్యి మీదకే వస్తుంది. రెండేళ్ళ కిందటి ఏప్రిల్‌లో రొట్టె చేతికిస్తూ, "మీరు లోపట సల్లగ కూసుంటరు మేడం, మీ వేడంత తెచ్చి నా నెత్తి మీద పోస్తున్రు. పెనం మీద రొట్టె కాదు, నేనే కాలుతున్న" అంది. కోపంగా కూడా అనలేదు, ఉల్లిపాయ ముక్కలు ఎక్కువ వేసి మరీ అంది. వీరలక్ష్మి రొట్టె పట్టుకుని ఆ గోడ వంక తిరిగి చూసింది. ఎవరి మీదకి నెడుతున్నామో చూసుకోమని నాన్న చెప్పి నలభై ఏళ్ళయింది, తను ఇన్నాళ్ళకు చూసింది. మర్నాడే వెనక గోడ ఏసీల మూతులు పైకి తిప్పించింది, సగం వేడే తప్పింది. అది చిన్న పని. పెద్ద పని లోపల ఉంది, ఇరవైని ఇరవై అయిదు చెయ్యడం.

అడిగితే ఒప్పుకుంటారా వీళ్ళు? స్కేళ్ళతో కొట్టుకునేవాళ్ళు? ఒప్పుకోరని ఆవిడే ప్రశ్న వేసుకుని ఆవిడే జవాబు చెప్పుకుంది. రెండు శని ఆదివారాల్లో అంతస్తుకు నాలుగు చొప్పున నలభై ఎనిమిది కొత్త డబ్బాలు బిగించింది. ముద్దొచ్చే డబ్బాలు, నొక్కితే అంకె మారుతుంది, చిన్న పచ్చదీపం వెలుగుతుంది, టిక్కుమని చప్పుడు కూడా. లోపల రెండు సన్న బ్యాటరీలు, అంతే, ఒక్కదానికీ తీగ లేదు. అసలు తాళం నేలమాళిగలో ఆవిడ కంప్యూటర్లో ఉంది, పదిహేను రోజులకోసారి అర డిగ్రీ చొప్పున పెంచుకుంటూ పోయింది. అయిదు నెలల్లో ఇరవై అయిదు. ఫిర్యాదులు రోజుకు నలభై నుంచి మూడుకు దిగాయి. అంతస్తుల్లోకి వెళితే ఆవిడ కళ్ళెదుటే జనం డబ్బా నొక్కి, "అబ్బ, ఇప్పుడు ప్రాణం లేచొచ్చింది మేడమ్" అంటున్నారు. భరత్ పద్దెనిమిది నొక్కి జేబుల్లో చేతులు పెట్టుకుని వణికాడు కూడా. పాపం అనిపించింది, నవ్వూ వచ్చింది, ఇంత చదువుకున్నవాళ్ళు ఇంత తేలిగ్గా బుట్టలో పడ్డారేమిటా అని కాస్త గర్వం కూడా కలగకపోలేదు. కరెంటు అయిదో వంతు తగ్గింది. అక్కడితో ఆగి ఉంటే ఇది ఆవిడకూ నలభై ఎనిమిది డబ్బాలకూ మధ్య రహస్యంగా ఉండిపోయేది.

ఆగలేదు. ఆరో అంతస్తులో కోడు రాసే రసజ్ఞ అనే అమ్మాయి పోయినేడు పర్యావరణ విభాగంలోకి మారింది. తుని పిల్ల, గలగలా మాట్లాడుతుంది, నోటుపుస్తకం పట్టుకుని నేలమాళిగకు వచ్చి చిల్లర్ల హోరులో అరిచి అడిగింది, "అక్కా, ఇంతమందిని ఎలా ఒప్పించారు?" వీరలక్ష్మి నోట్లోంచి అది ఎలా వచ్చేసిందో, "నేను ఒప్పించేదేముందమ్మా, వాళ్ళంతట వాళ్ళే ఒప్పుకున్నారు" అంది. రసజ్ఞ ఒక్క క్షణం ఆవిడ ముఖంలోకి చూసి, ఫక్కున నవ్వి, అలాగే రాసేసుకుంది. ఆ ఒక్క వాక్యం కాళ్ళొచ్చి నడిచింది. నివేదిక అయింది, నివేదిక బహుమతి అయింది, లిఫ్టులో పోస్టరైంది, ఇరవై అయిదు మనందరి నిర్ణయం అని ఆవిడ ఫోటోతో సహా. ఆ పోస్టరు ముఖం చూడలేక ఆవిడ లిఫ్టు మానేసి మెట్లెక్కడం మొదలుపెడితే, చూశారా ఆవిడ కరెంటు కూడా వాడరు అని దానికో మెచ్చుకోలు. అటుతరవాత యాత్ర వాళ్ళ ఉత్తరం. మామూలు మనుషులు తమంతట తాము మారగలరని మీ కథ చెబుతోంది, అది ప్రపంచం వినాలి, మీరు మాతో రండి.

కాలి బొటనవేళ్ళు ఉన్నాయో లేవో తెలియడం లేదు. కదిపితే దూరంగా ఎవరివో కదిలినట్టుంది. లేచి బఠాణీల పెట్టెలకూ సీతాఫలం పెట్టెలకూ మధ్య పచార్లు, ఇటు ఎనిమిది అడుగులు, అటు ఎనిమిది. అక్కడ ఇలా గోడలుండవు. చూపు ఆనినంత మేరా తెలుపట, చప్పుడే ఉండదట, ఉండుండి ఎక్కడో మంచుకొండ విరిగి నీళ్ళలో పడిన ఉరుము. పెంగ్విన్లు మనిషికి భయపడవట, దగ్గరికొచ్చి బూట్ల వంక చూస్తాయట. దేవుడా, చూడాలని ఉంది. నోరు విడిచి ఎవరికీ చెప్పలేదుగానీ చూడాలని చచ్చేంత ఉంది. తువ్వాలులో మిగలని ఐసు, ఇంటిదాకా రాని ఐసు, అక్కడ ఎవరూ తయారు చెయ్యకుండానే లక్షల ఏళ్ళుగా పడి ఉంది, ఇప్పుడు మనం నెట్టిన వేడి అక్కడికి కూడా చేరింది. నాన్న ఉంటే ఏమనేవాడు? చూసి రావే అనేవాడు. చూసినది చూసినట్టు చెప్పు అనేవాడు. చూసినది చూసినట్టు చెప్పే మనిషి కావాలి అక్కడికి, వచ్చీ రాగానే మొదటి కథే కల్పించి చెప్పే మనిషి రేపు మంచు కరుగుతోందంటే ఎవడు నమ్ముతాడు? కాదు, అసలు ముల్లు ఇది కూడా కాదు. ఎనిమిది అడుగులు. గోడ. తిరుగు. ముల్లు ఎక్కడుందంటే, అబద్ధం చెప్పడంలో లేదు, అడగకపోవడంలో ఉంది. రెండు వేల ఆరువందల మందిలో ఒక్కరినైనా పిలిచి, నాయనా, వెనక గేటు దగ్గర ఒక మనిషి కాలిపోతోంది, అయిదు డిగ్రీలు సర్దుకుంటావా అని తను అడగలేదు. అడిగితే వినరని ముందే తీర్పు చెప్పేసింది. జనం వింటారని అంటార్కిటికా నుంచి చెప్పాల్సిన మనిషి, జనాన్ని నమ్మనే లేదు. ఇది తట్టగానే వీరలక్ష్మికి సిగ్గుతో ముఖం వెచ్చబడింది. మైనస్ ఇరవైలో అదీ ఒక సుఖమే.

తలుపు మళ్ళీ తెరుచుకుంది. ఈసారి తిమ్మప్ప రగ్గు కప్పుకుని పూర్తిగా లోపలికే వచ్చేశాడు.

"గంట అయిపోయిందమ్మా. ఫోను ఇయ్యి, నేను తీస్తా. యాడ నొక్కల్ల?"

"ఆ ఎర్రచుక్క మీదండీ. మధ్యలో ఏమన్నా ఆపకండి."

"నేనేం ఆపను. నా నోరే ఆడ్తాలేదు."

ఆవిడ టోపీ సర్దుకుంది. నిర్ణయించుకున్నానని ఎప్పుడు అనుకుందో ఆవిడకే తెలియదు, నోరు తెరిచేసరికి నిజమే బయటికొచ్చింది. పేరు చెప్పింది, ఉద్యోగం చెప్పింది, తీగల్లేని నలభై ఎనిమిది డబ్బాల సంగతి చెప్పింది. మా వాళ్ళు ఒప్పుకోలేదండీ, నేనే మాయ చేశాను, అడిగే ధైర్యం లేక, అని చెప్పింది. ఓడలో చోటు ఇవ్వకపోతే నాకు బాధే, ఇచ్చినా ఈ మాట చెప్పే వస్తాను అని ముగించింది. తిమ్మప్ప ఎర్రచుక్క మళ్ళీ నొక్కి వీడియో ఆపి, "మా యింట్లో రిమోటు కూడా అట్లాంటిదేమో తల్లీ, ఎంత నొక్కినా చల్లబడ్దు" అన్నాడు.

బయటికి రాగానే ఎండ చెంప మీద కొట్టినట్టు తగిలింది, కళ్ళద్దాలు తెల్లగా కమ్ముకుపోయాయి. గుడ్డిగానే ఫోను తడుముకుంది. యాత్ర వాళ్ళకు పంపేముందు రసజ్ఞకు పంపడం ధర్మం, నివేదిక కింద పేరు ఆ పిల్లదే, రేపు మాట పడేదీ ఆ పిల్లే. పంపింది. నారింజ సూటు జిప్పు సగం లాగి, గోడ నీడలో ప్లాస్టిక్ కుర్చీలో కూలబడింది. తిమ్మప్ప అల్లం టీ గ్లాసు చేతిలో పెట్టాడు. వీడియో నిడివి రెండు నిమిషాలు, సరిగ్గా రెండున్నర నిమిషాలకు ఫోను మోగింది.

"అక్కా, ఇది వాళ్ళకి పంపేశారా?"

"ఇంకా లేదమ్మా. నన్ను క్షమించు. నీ పేరు కూడా…"

"పంపకండి. ఇది అబద్ధం అక్కా."

"అబద్ధమేమిటే? నా చేత్తో బిగించాను, ఒక్కదానికీ తీగ లేదు."

"తీగల్లేవని మాకు తెలుసక్కా."

వీరలక్ష్మి టీ గ్లాసు కింద పెట్టింది. అటునుంచి రసజ్ఞ ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోతోంది. బిగించిన ఏడో నెలలోనే భరత్ ఆ డబ్బా ఊడదీశాడట, ఊడదీయకుండా ఉండడానికి వాడేమన్నా మామూలు మనిషా, టెస్టరు. లోపల రెండు బ్యాటరీలు చూసి ఆరో అంతస్తంతా భగ్గుమంది, అందరూ సంతకాలు పెట్టి గొడవ చేద్దామన్నారు. అంతలో ఎవరో ఇంటి నుంచి థర్మామీటరు తెచ్చి బల్ల మీద పెడితే ఇరవై అయిదు చూపించింది. రెండు నెలలుగా ఇరవై అయిదులోనే కూర్చున్నామా అని అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. శాలువాలు ఎప్పుడు మానేశారో కూడా ఎవరికీ గుర్తులేదు.

"అప్పుడు గ్రూపులో ఓటింగ్ పెట్టుకున్నాం అక్కా. మళ్ళీ ఇరవై అడగాలా, ఇలాగే ఉంచేద్దామా అని. ఉంచేద్దామనే వచ్చింది. తరవాత ఒక్కో ఫ్లోరు వాళ్ళకీ మేమే చెప్పాం, వాళ్ళూ ఓట్లు వేసుకున్నారు. తొమ్మిదో ఫ్లోరు వాళ్ళు నెలరోజులు బెట్టు చేశారు, నర్సమ్మ గారి దగ్గరికి తీసుకెళ్ళి ఆ గోడ పక్కన నిలబెట్టాం, సరే అన్నారు. బ్యాటరీలు కూడా మేమే మారుస్తున్నాం."

"మరి నేను వచ్చినప్పుడల్లా ఆ నొక్కడాలూ, ఆ వణకడాలూ?"

"మీరు కనిపిస్తేనే నొక్కుతాం అక్కా. అంత కష్టపడి పెట్టారు, మీరు చిన్నబుచ్చుకుంటారని."

వీరలక్ష్మికి ముందు ఒళ్ళు మండింది. రెండు వేల ఆరువందల మంది, ఏడాదిన్నరగా, లిఫ్టు దగ్గరా క్యాంటీను దగ్గరా, ఆవిడ ముఖం మీద నాటకం! ఆ భరత్ గాడు వణికిన వణుకు! ఆ మంట పూర్తిగా రాజుకోకముందే కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది, నవ్వుతోపాటు కన్నీళ్ళు కూడా. నలభై మూడు డిగ్రీల ఎండలో సగం ధ్రువప్రాంతపు సూటులో కూర్చుని ఏడుస్తూ నవ్వుతున్న మనిషిని చూసి తిమ్మప్ప కంగారుగా నీళ్ళ సీసా పట్టుకొచ్చాడు. అడగలేదనేగా ఇంతసేపూ కుమిలింది, తను అడగకపోయినా వాళ్ళే ఒకరినొకరు అడిగారు. వాళ్ళంతట వాళ్ళే ఒప్పుకున్నారని ఆ రోజు నేలమాళిగలో నోరు జారి అన్న మాట అక్షరాలా నిజం, అది అబద్ధమని నమ్మిన మనిషి భవనం మొత్తం మీద తనొక్కతే.

"రసజ్ఞా, ఆరు కావడానికి ఇంకెంత టైముంది?"

"రెండున్నర గంటలు అక్కా. ఎందుకు?"

"ఈ వీడియో పనికిరాదుగా మరి" అని ఫోను పెట్టేసి, కళ్ళు తుడుచుకుని, జిప్పు గొంతు దాకా లాగింది. రోడ్డు మీద ఐస్‌క్రీం బండి హారను కొడుతోంది.

"మల్లా లోపలికా తల్లీ?" అన్నాడు తిమ్మప్ప, రగ్గు కోసం వెతుక్కుంటూ.

"రెండే నిమిషాలండీ. బండిని కాసేపు ఆగమనండి."

తలుపు తెరుచుకుంది, తెల్లటి పొగ కాళ్ళ మీదుగా బయటికి పాకింది. పెట్టెల మధ్య నిలబడి, తిమ్మప్ప ఫోను పైకెత్తేదాకా ఆగి, ఎర్రచుక్క వెలగగానే వీరలక్ష్మి, "మా వాళ్ళకి అన్నీ తెలుసండీ" అని మొదలుపెట్టింది.